కింది ఇంటి వక్కాకు

ద్రోలిన్ ధైర్యస్థురాలు కాదు. ఆమెను ఎరిగినవాళ్ళు మొదట చెప్పే మాట ఇదే. పొగమంచులో ఎవరైనా ఎదురైతే మనిషో కాదో తేలేదాకా దారి పక్కకు తప్పుకుని నిలబడే రకం. మేఘాలయ కొండల్లో సోహ్రా దాటాక లోయ అంచున, ఏడాదిలో సగం రోజులు మబ్బులోనే మునిగి ఉండే ఊళ్ళో పుట్టి పెరిగింది. అయినా ఆ తెల్లదనం ఆమెకు అలవాటు కాలేదు.

రోడ్డు పక్కన రేకుల కప్పు కింద ఆమె టీ దుకాణం. పాలు పోయని ఎర్ర టీ, మట్టి పెంకు మీద కాల్చిన బియ్యప్పిండి రొట్టెలు, మధ్యాహ్నమైతే పంది మాంసం వేసి వండిన అన్నం. మొగుడు బొగ్గు గనుల వైపు పనికి వెళ్ళి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. పిల్లలు లేరు. ఊళ్ళో అందరికీ ఆమె ‘కాంగ్’, అంటే అక్క. మగవాళ్ళనైతే ‘బా’ అంటారు, అన్నా అని. ఆదివారం గుడి, బుధవారం స్త్రీల కూడిక, మిగతా రోజులు పొయ్యి. ఇదీ ఆమె బతుకు.

దుకాణం వెనకనుంచి రాతి మెట్లు దిగితే లోయ వైపు ఒకే ఒక్క ఇల్లు ఉండేది. అందులో సిల్బీ అనే ముసలావిడ ఒక్కతే ఉండేది. ఆ మెట్ల మీద నాచు మందంగా పట్టింది, ఎవరూ దిగరు గనక. సిల్బీ వాళ్ళది థ్లెన్‌ను మేపిన వంశమని ఊరంతా అనుకునేది. థ్లెన్ అంటే మనిషి నెత్తురు కోరే పాము. దాన్ని ఇంట్లో దాచుకున్నవాళ్ళకు సిరి పెరుగుతుందట. దానికి ఆకలైనప్పుడు ఎవరి జుట్టు కొసో, బట్ట అంచో దొంగతనంగా కత్తిరించి దాని ముందు పెడితే చాలట. ఆ మనిషి ఎక్కడున్నా రోజురోజుకీ పాలిపోయి చచ్చిపోతాడట. గుడిలో ఈ మాట ఎవరూ ఎత్తరు. గుడి బయట మాత్రం ఆ ఇంటి వాళ్ళు చెయ్యి చాచి ఇచ్చినదేదీ ఎవరూ ముట్టరు. పొద్దు వాలేవేళ ఆ ఇంట్లోంచి ఏదో దంచుతున్నట్టు, ఆగి ఆగి ఒక చప్పుడు వచ్చేది. పాముకు మేత పెట్టేటప్పుడు డోలు కొడతారని పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. ఆ చప్పుడు మొదలవగానే ద్రోలిన్ వెనక తలుపు గడియ పెట్టేసేది.

ఒక బుధవారం కూడికలో సమరయుడి కథ చదివే వంతు ద్రోలిన్‌దే అయింది. దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాణ్ణి చూసి ఇద్దరు పెద్దమనుషులు తప్పుకుపోతారు, మూడోవాడు ఆగుతాడు. చదవడం అయ్యాక, కూడిక నడిపే ఇడాలిన్ పుస్తకం మూసి అడిగింది. “సరే, మన పొరుగువాళ్ళెవరు? పుస్తకంలో కాదు, మన ఊళ్ళో చెప్పండి.”

“కాంగ్ ద్రోలిన్‌కి పొరుగంటే బా వెల్సన్ వాళ్ళేగా. ఆయన కోళ్ళు ఈవిడ పిండిబుట్టలోనే గుడ్లు పెడతాయి” అంది ఒకావిడ. అందరూ నవ్వారు.

“మరి కింద ఇంకో ఇల్లుంది కదా?” అని అడిగింది ఊరికి కొత్తగా వచ్చిన బడి టీచరు. పాపం, ఆమెకు తెలియదు.

నవ్వు ఆగిపోయింది. ఎవరో లేచి వెళ్ళి కిటికీ రెక్క మూశారు. ఇడాలిన్ కూడా తల వంచుకుని చివరి ప్రార్థన మొదలుపెట్టింది. ద్రోలిన్‌కు మాత్రం కళ్ళు మూసుకున్నా ఆ దారే కనపడింది. తప్పుకుపోయిన ఇద్దరిలో తానెవరో కూడా కనపడింది.

అయినా ఆమె వెంటనే వెళ్ళలేదు. వెళ్ళాలనుకున్న ప్రతిసారీ పొయ్యి మీద ఏదో ఒకటి మాడేది. తర్వాత ఒక సాయంత్రం చప్పుడు వినపడలేదు. మర్నాడూ లేదు. ఇన్నేళ్ళూ ఆ చప్పుడుకు భయపడిన మనిషి ఇప్పుడు అది లేనందుకు ఎక్కువ భయపడింది. మూడో రోజు పట్టపగలే కన్ను పొడుచుకున్నా కనపడనంత మంచు కమ్మింది. ద్రోలిన్ గిన్నెలో అన్నం, పులుసు పెట్టుకుని, తలమీద గళ్ళ శాలువా కప్పుకుని, నాచుమెట్ల మీద కూర్చుని జరుగుతూ కిందికి దిగింది.

తలుపు తీసే ఉంది. లోపల ఎవరో ఇప్పుడే తుడిచినట్టు ఇత్తడి గిన్నెలు వరసగా మెరుస్తున్నాయి. పొయ్యి పక్కన సిల్బీ కాలు చాపుకుని కూర్చుని ఉంది. ఆ కాలు మోకాలి దాకా వాచిపోయింది.

“వచ్చావా?” అంది సిల్బీ, ఎప్పటినుంచో ఎదురుచూస్తున్న మనిషిలాగా. “దిగుతావని అంటూనే ఉంది.”

“ఎవరు మేయ్?” అంది ద్రోలిన్. పెద్దావిడ కదా, అమ్మా అనే పిలిచింది.

సిల్బీ ఒళ్ళో ఉన్న చిన్న రోలు పక్కకు పెట్టింది. పళ్ళు లేవు, అందుకని వక్కాకు దంచుకుని తింటుంది. జ్వరం వచ్చి చేతుల్లో పట్టు లేక ఈ మూడు రోజులూ దంచుకోలేదు. ఇన్నేళ్ళూ ఊరు చెవులు మూసుకున్న డోలు ఇదన్న మాట. ద్రోలిన్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

సిల్బీ తమలపాకు తుడిచి, సున్నం రాసి, పచ్చి వక్క ముక్క పెట్టి చాచింది. ఆ కొండల్లో ఇంటికొచ్చిన మనిషికి మొదట ఇచ్చేది అదే. తీసుకోకపోతే ముఖం మీద ఉమ్మినట్టు. ఆ చెయ్యి గాలిలో అలాగే ఉంది.  ద్రోలిన్ తీసుకుంది. నోట్లో పెట్టుకుంది. పచ్చి వక్క వేడి చెవులదాకా ఎక్కి ఒళ్ళంతా చెమట పోసింది. రోజూ తినే వక్కే అయినా ఆ క్షణాన, అయిపోయాను దేవుడా అనుకుంది.

సిల్బీ ఆమె నమలడాన్నే చూస్తూ కూర్చుంది. ఉన్నట్టుండి గోడ వైపు తల తిప్పి, ఎవరో చెబుతున్నది వింటున్నట్టు ఆగింది.

“ఏమిటి మేయ్?”

“ఏం లేదు. నీకు వినపడదులే. అన్నం పెట్టు.”

ఆ రోజునుంచి ద్రోలిన్ రోజూ దిగింది. కాలికి కాపడం పెట్టింది, కట్టెలు మోసింది, గిన్నెలు కడిగింది. సిల్బీ మాటలు మామూలుగానే ఉండేవి: వానలు, మిరియాలు, చిన్నప్పుడు తనకు వాక్యం నేర్పిన పంతులుగారి ముక్కు. మధ్యలో మాత్రం గోడకేసి చూసి ఆగేది. అలా ఆగినప్పుడల్లా పొయ్యిలో మంట కూడా తగ్గినట్టు ద్రోలిన్‌కు అనిపించేది.

పైన దుకాణంలో బల్లలు ఖాళీ అయ్యాయి. సంఘ పెద్ద బా వెల్సన్ ఒక్కడే వచ్చాడు, అదీ గుమ్మం బయట నిలబడి.

“టీ తాగవా బా?”

“ఇప్పుడే తాగాను.”

“ఎక్కడ? మీ ఆవిడ ఊళ్ళో లేదుగా.”

“ఎక్కడో తాగాన్లే! నీతో వాదనెందుకు? ప్రేమించమన్నాడు సరే, పాము పుట్టలో చెయ్యి పెట్టమన్నాడా దేవుడు?”

“చెయ్యి పెట్టింది నేను బా, నువ్వు కాదుగా. నీకెందుకు వణుకు?” అంది ద్రోలిన్. అలా అనేసి లోపలికి వెళ్ళి, కాళ్ళు వణుకుతుంటే కట్టెల మోపు మీద కూలబడింది.

చెల్లెలు త్రిసా అమ్మగారి ఇంట్లో ఉండేది. ఆ కొండల్లో అమ్మ ఇల్లు ఆఖరి కూతురికే దక్కుతుంది గనక అది ఆమెదే. ఆమె కబురు పంపింది. కింది ఇంటికి వెళ్ళినన్నాళ్ళూ మా గడప తొక్కొద్దు, నీ గడప మేము తొక్కం అని.

ఒక మధ్యాహ్నం ద్రోలిన్ శాలువా ఉతుకుదామని విప్పి చూస్తే ఒక మూల లేదు. చినగలేదు, కొరకలేదు. కత్తితో కోసినట్టు నున్నగా, అరచేతి మేర లేదు.  సాయంత్రానికి జ్వరం పట్టుకుంది. తిన్నది నిలవలేదు. అద్దంలో చూసుకుంటే పెదవులు తెల్లగా పాలిపోయాయి.

జ్వరం సంగతి ఎలా పాకిందో పాకింది. మర్నాడు బా వెల్సన్ వచ్చాడు, వెనక ఇంకొందరు మగవాళ్ళు. ఒకరి చేతిలో కిరసనాయిల్ డబ్బా.

“కాంగ్, నిజం చెప్పు. నీ జుట్టు గానీ, బట్ట గానీ కోసిందా? ఒక్క మాట చెప్పు చాలు.”

ఒక్క మాట చాలని ద్రోలిన్‌కూ తెలుసు. ఆ మాటతో ఇల్లు బూడిదవుతుంది, ఇంట్లో మనిషితో సహా. శాలువా ఆమె ఒళ్ళోనే ఉంది. తెల్లవారకముందే ఆ మూల మడిచి కుట్టేసింది. దారం ఇంకా కొత్తగా మెరుస్తోంది. దాన్ని పిడికిట్లో పట్టుకుని, “వానలో తడిశాను. జలుబు. జలుబుకి కిరసనాయిలా మందు?” అంది.

జీవితమంతా గుడిలో ఊరి పిల్లలకు అబద్ధం పాపమని నేర్పిన మనిషి, సంఘ పెద్ద కళ్ళలోకి చూస్తూ అబద్ధం ఆడింది. వాళ్ళు గొణుక్కుంటూ వెళ్ళిపోయారు.

వాళ్ళు మలుపు తిరగగానే ఆమె గోడ పట్టుకుని మెట్లు దిగింది. సిల్బీ ఆమె ముఖం చూడగానే ఏడుపు మొదలుపెట్టింది.

“నేనే కోశాను” అంది. రవికలోంచి గళ్ళ గుడ్డ ముక్క తీసింది. “మా అమ్మ పోయిన నాటినుంచీ అది నన్నే అడుగుతోంది. ఎవరూ రాకపోతే ఎక్కడినుంచి తేను అని తప్పించుకున్నాను. నువ్వు వచ్చావు. ఆకలి, ఆకలి అని గోడంతా అదే గోల. నువ్వు కునుకు తీస్తుంటే కోశాను. కానీ ఇవ్వలేదమ్మా. ఒట్టు. ఇక్కడే పెట్టుకున్నాను.”

ద్రోలిన్‌కు పారిపోవాలనే అనిపించింది. ఆ మాట తర్వాత ఆమే చెప్పుకుంది. కానీ ముసలావిడ గుడ్డను గుండెకు నొక్కుకున్న తీరు చూస్తే, దెబ్బలు తిని పడి ఉన్నది ఈవిడేనని, ఎవరు కొట్టారో తనకు తెలియకపోయినా ఈవిడేనని అర్థమైంది.

“అదెక్కడుంటుంది మేయ్?”

సిల్బీ అటక మీద మూతబుట్ట చూపించింది. ద్రోలిన్ యేసు పేరు పైకే తలుచుకుంటూ దాన్ని దించి మూత తీసింది. తడి మట్టి వాసన కొట్టింది. లోపల ఏమీ లేదు. అడుగున మాత్రం వెదురు గుండ్రంగా అరిగి, నున్నగా మెరుస్తోంది.

“ఖాళీగా ఉంది మేయ్. చూడు.”

సిల్బీ తొంగి చూసింది. ఆమె ముఖంలో ఊరట కనపడలేదు. “ఖాళీనా?” అంది గొంతు తగ్గించి. “అయితే ఇంట్లో తిరుగుతోందన్న మాట.”

ఇద్దరూ కదల్లేదు. బయట మంచు గుమ్మం దాకా వచ్చి ఆగింది. లేదని వాదించి లాభం లేదని ద్రోలిన్‌కు తెలిసిపోయింది. లేదని ఖాయంగా చెప్పే ధైర్యం తనకూ లేదు.

“అయితే ఇల్లు దానికే వదిలేద్దాం. నువ్వు నాతో రా” అంది.

“నన్నెవరు రానిస్తారు?”

“నేను. నా ఇల్లు, నా పొయ్యి. లే.”

ఆ పామును వదిలించుకోవాలంటే ఉన్నదంతా వదిలెయ్యాలని పెద్దల మాట. సిల్బీ చెవుల బంగారం తీసి పొయ్యిరాయి మీద పెట్టింది. గుడ్డ ముక్కను నిప్పులో వేసింది. ద్రోలిన్ ఆమెను వీపు మీద ఎక్కించుకుని, జ్వరంతోనే మెట్లు ఎక్కింది. సగం దూరం వచ్చాక కింద ఇంట్లో ఇత్తడి గిన్నె ఒకటి పడింది. పడి, దొర్లింది. చదునైన నేలమీద దొర్లాల్సిన దానికంటే ఎక్కువసేపు దొర్లుతూనే ఉంది. ఇద్దరూ వెనక్కి చూడలేదు.

సిల్బీ ద్రోలిన్ ఇంట్లో పొయ్యి పక్కన కొన్నేళ్ళు బతికింది. ఆ ఇంట్లో ఆమె గోడ వైపు చూడటం తగ్గింది, పూర్తిగా మాత్రం మానలేదు. ద్రోలిన్ జ్వరం తగ్గింది. దుకాణానికి మొదట వచ్చింది ఇడాలిన్. గ్లాసు రెండు చేతులా పట్టుకుని అడుగుదాకా తాగింది. “ఆ బుధవారం నేను తల వంచుకున్నాను కాంగ్” అని మాత్రం అంది. తర్వాత టీచరు వచ్చింది. వానలు వెనకపట్టాక బా వెల్సన్ వచ్చి, కోడి కోసం వచ్చానని చెప్పి, రెండు గ్లాసుల టీ తాగాడు. గుడిలో సిల్బీ కూర్చున్న బెంచీలో మిగతా చోటంతా చాలాకాలం ఖాళీగా ఉండేది. ఆ తర్వాత ఒకరిద్దరు చివర కూర్చోసాగారు. కింది ఇల్లు వానలకు కూలింది. దాని కప్పు మీద రేకు కూడా ఎవరూ ఎత్తుకుపోలేదు.

సిల్బీ ఒక ఆషాఢంలో, మబ్బు ఇంట్లోకి వచ్చిన పగటిపూట, ద్రోలిన్ ఆమె నోట్లో గంజి పోస్తుండగా పోయింది. ఆమె శవపేటికను స్త్రీల కూడిక వాళ్ళే మోశారు.

తర్వాతి కూడికలో సాక్ష్యం చెప్పమంటే ద్రోలిన్ లేచి ఇలా అంది.

“ప్రేమ నిండితే భయం పోతుందని మనం చదువుకున్నాం కదా. నాకు పోలేదు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ నేను ఆవిడకు వీపు పెట్టి పడుకోలేదు. పొద్దున్నే లేవగానే నా జుట్టు తడుముకునేదాన్ని. తడుముకుని, లేచి, ఆవిడకు నీళ్ళు కాచేదాన్ని. నాకు చాతనైంది అంతే.”

ఎవరూ ఆమెన్ అనలేదు. ఇడాలిన్ పాట ఎత్తుకుంది.

ఆ సాయంత్రం త్రిసా వచ్చింది. ఎన్నో ఏళ్ళ తర్వాత అక్క గడప దాటి, పొయ్యి దగ్గర చతికిలబడింది. “ఆవిడ ఎక్కడ పడుకునేది?” అని అడిగింది. ద్రోలిన్ చూపించింది. త్రిసా లేచి, మూలనున్న చాప తెచ్చి అక్కడే పరుచుకుని, శాలువా ముఖం మీదికి లాక్కుని పడుకుంది.