స్టేటస్‌లో పెట్టిన ఏడుపు

నాగమల్లేశ్వరి చదువు సంతకం దాకానే. అయితేనేం, కోడూరు పక్క పల్లెలో చేపల బేరమంతా వాట్సాప్ స్టేటస్ మీదే నడిపేది. పొద్దున్నే పడవలు ఒడ్డుకు రాగానే తట్టలో చేపలకు ఫొటో కొట్టి పెడితే గుడివాడ నుంచి కూడా ఫోన్లు వచ్చేవి. పురుడైనా, చావైనా చుట్టాలకు కబురు కూడా అందులోనే. ఒక్కొక్కరికీ ఫోన్ చేసే తీరికెక్కడిది?

ఆ వానాకాలం ఆమె భర్త గంగాధరరావు కాలిలో, వలలో పడ్డ చేప విషపు ముల్లు దిగింది. బురదకు అంబులెన్సు ఊళ్లోకి రాలేక ఆగిపోతే మంచం మీద మోసుకెళ్లారు. తుఫానుకు జంకని మనిషి నొప్పికి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. లుంగీ తడిసిపోయింది. బందరులో ఉన్న తన తమ్ముడు చూసి ఆసుపత్రికి వస్తాడని ఆమె వీడియో తీసి స్టేటస్‌లో పెట్టేసింది. చేపలు కొనేవాళ్లంతా చూస్తారన్న ఆలోచనే రాలేదు పాపం.

సాయంత్రానికి ఒక పార్టీ వాళ్లు 'ఇదీ మన రోడ్ల భాగ్యం' అని పాట తగిలించి ఆ వీడియోను ఊరూరా తిప్పారు. రెండో పార్టీ వాళ్లు ఊరుకుంటారా? 'డబ్బులిస్తే ఏడ్చే పేమెంట్ ఆర్టిస్టు, తాగి లుంగీ తడుపుకున్నాడు' అన్నారు. రోడ్డు సంగతి ఎవరికీ పట్టలేదు. మనిషి మానం మాత్రం ఇద్దరూ కలిసి పంచుకు తిన్నారు.

ఆమె స్టేటస్‌లోంచి తీసి మొదట ఫేస్‌బుక్‌లో ఎక్కించింది భానుప్రకాష్ అని, ఆమె దగ్గర చేపలు కొనే కుర్రాడే. వెతుక్కుంటూ వెళ్లింది.

"తీసెయ్ బాబూ, నీకు దణ్ణం పెడతాను. ఆయన గుమ్మం దాటట్లేదు."

"మీ కోసమేగా అక్కా పెట్టింది! నాది తీసేస్తాలే. మిగతావాళ్లవి నా చేతిలో లేవు. అయినా ముందు స్టేటస్‌లో పెట్టింది నువ్వేగా?"

దారి పొడుగునా తనను తానే తిట్టుకుంటూ ఇంటికొచ్చింది.

కట్టు మార్చడానికి కూర్చుంటే గంగాధరరావు కాలు వెనక్కి లాక్కున్నాడు.

"ఫోనెక్కడుంది?"

"బొడ్లో ఉంది మావా."

"బయట పెట్టి రా."

పెట్టి వచ్చింది. పుండుకు అంటుకున్న గుడ్డ ఊడదీస్తుంటే అతను పళ్లు బిగించాడే తప్ప మూలగలేదు.

"నొప్పిగా ఉంటే అరిచెయ్ మావా. ఇక్కడ నేనేగా ఉంది."

అతను ఫోను లేని ఆమె చేతుల వైపు ఓసారి చూసి, అయినా మొహం గోడకు తిప్పుకున్నాడు.