కనపడని క్యారెట్

తెల్లారకముందే ఆ తల్లి వంటింటి తలుపు దగ్గరగా వేసుకుని, దొంగపని చేస్తున్నట్టు చప్పుడు కాకుండా క్యారెట్ తురుముతుంది. పళ్లు రాని వయసులో కూతురు ఒకసారి క్యారెట్ గుజ్జు ఉమ్మేసింది. అప్పటినుంచీ ఇదే తంతు. ఎర్రటి పోగు ఒక్కటి కనిపించినా పిల్ల రొట్టె ముట్టదని ఆవిడ భయం. అందుకే మెత్తగా రుబ్బి పిండిలో కలిపేస్తుంది. చేతులు ఎంత తోమినా గోళ్ల సందుల్లో రంగు మాత్రం వదలదు. ఆ తర్వాతే పిల్లని లేపి, జడలేసి, డబ్బా సర్ది బడికి పంపుతుంది.

ఒకరోజు, పిల్ల మరిచిపోయిన నీళ్లసీసా పట్టుకుని తల్లి భోజనాల వేళకి బడికి పరిగెత్తింది. కూతురు పక్కపిల్ల డబ్బాలోంచి పచ్చి క్యారెట్ ముక్క తీసుకుని కరకరా నములుతోంది. తల్లి సీసాతో అక్కడే ఆగిపోయింది.

"అందరిళ్లలోనూ ఉంటాయమ్మా," అంది పిల్ల, నమలడం ఆపకుండానే. "నువ్వే ఎప్పుడూ కొనవు."

ఆవిడ సీసా బల్లమీద పెట్టేసి, గోళ్లు కనపడకుండా చేతులు వెనక్కి పెట్టుకుంది.