ఎర్ర అంకెల కోసం

తొంభైల మొదట్లో, మంచి వేసవిలో, మా బావ పెరంబూరులో మా ఇంటికి చేరాడు. నా భార్యకు అన్న. ఓడలో ఇంజను గదిలో పనిచేస్తూ నడుం దెబ్బతిని, ఇక రావద్దనిపించుకున్నాడు. బట్టలకంటే భద్రంగా తెచ్చుకున్నవి రెండు డబ్బాల మాల్టు పాకం, అంటే మొలకెత్తిన బార్లీతో కాచింది, దాన్ని పులియబెట్టే ఈస్టు రెండు పొట్లాలు. ఇంట్లోనే బీరు చేయడం ఏదో రేవులో నేర్చుకున్నాడట.

"ఒక్కసారి నా చేత్తో చేసింది నీకు పోస్తా బావా. నేనూ దేనికో ఒకదానికి పనికొస్తానని ఈడ తెలియాల గదా" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు నాకు అర్థమైంది.

మద్రాసు ఎండకు అది చెడిపోకుండా ఇరవై డిగ్రీల దగ్గర పులియాలి. పాత ఫ్రిజ్ ఉంది. దాన్ని ఇరవై దగ్గర ఆపే సాధనం కావాలి. వర్క్‌షాపులో మీటర్లు బాగుచేసేవాణ్ణి కనుక ఆ పని నా మీద వేసుకున్నాను.

మౌంట్ రోడ్డు పక్క సందులో కొట్టాయన రెండు చూపించాడు. ఒకటి చేత్తో తిప్పి పెట్టే మామూలుది. రెండోది ఎర్ర అంకెలు వెలిగే డిజిటల్‌ది. ఆయన తెలుగువాడే, మాట దాచలేదు.

"సార్, ఈ మామూలుది ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ పోతాది, అంతే. కరెంటు పోయినా తిప్పిన కాడే ఉంటాది. ఆ డిజిటల్‌ది కరెంటు పోయొస్తే నలభైకి పోయి కూర్చుంటాది. మళ్ళా మీరే నొక్కాల."

"నాకు చెప్తావా? దినమూ నేను చూసేది ఇవే" అన్నాను.

నిజానికి వర్క్‌షాపు వాళ్ళను పిలిచి ఆ ఎర్ర అంకెలు చూపించాలని నా ఆశ. అదే కొన్నాను.

మా వీధిలో సాయంత్రం లైట్లు మసకబారితే చాలు, కంప్రెసర్ కాలిపోతుందని ఇంటింటా ఫ్రిజ్ ప్లగ్గు పీకేస్తారు. వోల్టేజి నిలబడ్డాక పెడతారు. నా భార్యా అంతే. ప్లగ్గు పెట్టాక మళ్ళీ ఇరవైకి నొక్కాలని ఆమెకు నేను ఒక్క మాట చెప్పలేదు. చెప్తే, ఆ మామూలుదే తేకపోయావా అంటుందని.

బావ ఒక డబ్బా పాకం కలిపి ఫ్రిజ్‌లో పులియబెట్టాక, ఓవర్‌టైము పడి నేను రెండు రోజులు అటు చూడలేదు. మూడో రోజు పొద్దున చూస్తే అది నలభైకి పోయి కూర్చుంది, ఫ్రిజ్ తిరగడం లేదు, లోపలి వేడి ముప్పై అయిదని అంకె చూపిస్తోంది. గబగబా ఇరవైకి నొక్కి, తలుపు మూసి, పనికి వెళ్ళిపోయాను.

కొన్ని వారాలకు బావ మొదటి సీసా తెరిచాడు. గోళ్ళ రంగు వాసన గుప్పుమంది.

"ఏంది బావా, ఇట్టయిపాయ?"

"సీసాలు సరిగ్గా కడిగినావా?" అన్నాను నేను.

ఆయన నడుం మీద చెయ్యి వేసుకున్నాడు. "కడిగినానే... వంగలేక ఒకటి రెండు వదిలేసుంటానేమో."

అన్నీ దొడ్లో పారబోశాడు. మర్నాడు రెండో డబ్బా తానే తెరిచి, "నా చేతిలో ఇదీ పాడయ్యేదెందుకు, పిల్లోళ్ళకు పాలల్లో కలుపుదాం" అన్నాడు. బీరు కోసమని ముందే చేదు కలిపి కాచిన పాకం అది, పిల్లలు ఒక్క గుక్క తాగి ఉమ్మేశారు.

"ఛీ మామా, వేపాకు కషాయం!"

"అయితే మీ నాయనకు పొయ్యండి" అని గ్లాసు నా చేతికిచ్చి, నా ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు.

ముప్పావు డబ్బా, ఒక ఈస్టు పొట్లం ఇంకా మిగిలే ఉన్నాయి. మొదటిది చెడింది నా వల్లేనని అప్పుడు చెప్పినా సరిపోయేది. గ్లాసు ఎత్తి తాగేశాను.

"బాగానే ఉంది బావా" అన్నాను.

ఆయన ముఖం విప్పారింది. ఆ డబ్బా అయిపోయేదాకా, రోజూ పొద్దున్నే నాకంటే ముందు లేచి, ఒక గ్లాసు కలిపి పెట్టేవాడు.