బాణం లేకుండా నేను విరిచిన విల్లు

బాణం గురి తప్పి కొంప మునిగిన కథలు మీరు విని ఉంటారు. అసలు బాణమే లేకుండా కొంప ముంచినదాన్ని నేను. విల్లు విరిచినవాళ్లకు పెళ్లవుతుందని హరికథల్లో చెబుతారు. మొగుడు పోయిన నాకు ఆ యోగం ఎక్కడిది? చేయి వాచింది, అంతే.

నగరిలో మగ్గం నేసుకుంటూ మా భవానిని ఒక్కదాన్నే పెంచాను. అయిదేళ్ల కిందట, విలువిద్యలో జిల్లా జట్టుకు నలుగురు ఆడపిల్లల్ని ఎంచుతారంటే తిరుపతి తీసుకుపోయాను. దానికున్నది అది నేర్పే మాస్టరు ఇచ్చిన వెదురు విల్లు ఒక్కటే. రెండేళ్లు దాంతోనే నేర్చుకుంది.

"మా, ఇది పట్టుకోని ఉండు. నీళ్లు తాగొస్తా," అని నా చేతికిచ్చి పోయింది.

పట్టుకోమంటే పట్టుకొని ఊరుకోవాలి కదా. నా కన్ను తాడు మీద పడింది. మగ్గం మీద పడుగు దారాన్ని లాగి వదిలి బిగువు చూడటం మా నేతవాళ్లకు పుట్టుకతో వచ్చిన జబ్బు. దీని బిగువు కూడా చూద్దామనుకున్నాను. చదువు రాదు గానీ, బాణం పెట్టకపోతే ఎవరికీ తగలదనే పాటి తెలివి నాకూ ఉంది. చెవిదాకా లాగాను. వదిలాను.

టపాకాయ పేలినట్టు మోగింది. తాడు నా ముంజేతి మీద వాత పెట్టింది. విల్లు పైభాగం చీలి, చీలికొకటి నా చెవి పక్కనుంచి పోయింది. చెవి ఉందో లేదో తడుముకొనేలోపు మాస్టరు వచ్చేశాడు.

"ఏం జేస్తివి తల్లీ?"

"బాణం పెట్టలేదు సార్."

"అదే నువ్వు జేసిన తప్పు. లాగిన బలాన్నంతా బాణం ఎత్తుకోని పోవల్ల. బాణం లేకుంటే అది యాడికి పోతాది? తిరిగి విల్లులోకే వస్తాది."

"నా చేతిలోకీ వచ్చినాది సార్," అని బెండకాయలా లేచిన వాపు చూపించాను.

"కంట్లోకి వచ్చింటే?" అన్నాడు.

భవాని వచ్చి చూసింది. ఏడవలేదు, తిట్టలేదు. "ఇంక అర్ధగంటే ఉండాది మా," అంది. ఆ మాటతో నా చేతి నొప్పి మరిచి, చీలిన ముక్కలు అతుకుతాయేమోనని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూశాను.

పక్కనే పుత్తూరు పిల్ల లావణ్య నిలబడి ఉంది. మా పిల్లంతే ఎత్తు, అంతే బలమున్న విల్లు. ఆ నాలుగు చోట్లలో ఒకటి ఆమెకూ కావాలి. అయినా భవానితో, "అక్కా, నా విల్లు తీసుకో. నేనేసినాక నువ్వెయ్యి," అంది.

అడ్డం చెబుతుందేమోనని వాళ్లమ్మ వైపు చూశాను. ఆమె నా చేతికి తడిగుడ్డ చుడుతూ, "నా బిడ్డ అడిగింటే మీరియ్యరా అక్కా?" అంది. ఇస్తానో లేదో నాకే తెలియదు కాబట్టి తల మాత్రం ఊపాను.

సాయంత్రం పేర్లు చదివారు. మూడోది లావణ్య. నాలుగోది మా పిల్ల. నేను ఏడ్చిన ఏడుపుకు, చేయి నొప్పేమో అనుకొని ఎవరో మందు తెచ్చిచ్చారు.

దండం పెడదామని లావణ్య దగ్గరికి పోయాను. ఆ పిల్ల విల్లును వీపు వెనక దాచుకొని, "పెద్దమ్మా, భవానక్కకు ఎప్పుడు కావల్లన్నా ఇస్తా. మీరు మాత్రం దూరంగా ఆడనే నిలబడండి," అంది.

అందువల్ల పదిమంది ఎదుట ప్రమాణం చేస్తున్నాను. మగ్గం మీద పడుగు తప్ప, ఈ లోకంలో బిగించి కట్టిన ఏ తాడునూ లాగి చూడను. లావణ్య వాళ్లమ్మకని నేనే నేసిన చీర తీసుకొని పుత్తూరు పోయినప్పుడు, కాళ్లు కడుక్కున్నాక తడి తువ్వాలు దండెం తాడు మీద వేయమన్నారు. నేను గోడ మీద ఆరేశాను.