పురుగుల గదిలో బ్యాటరీ

ఉదయం ఐదూ ఇరవైకి మా అక్క పురుగుల గదిలోంచి బ్యాటరీని రెండు చేతులా ఎత్తుకొచ్చి బండి సీటు కింద పెట్టింది. మార్గశిర మాసం. నేను ముందురోజు ధర్మవరం నుంచి రైల్లో వచ్చి, ఆ వేళకు కంబళి కప్పుకొని వసారాలో కూర్చున్నాను. పట్టుగూళ్ల గోతాలు అప్పటికే బండికి కట్టి ఉన్నాయి. ఒకటి కాళ్ల దగ్గర, ఒకటి వెనక సీటు మీద. వాటిని హిందూపురం మార్కెట్టుకు అక్క ఎప్పుడూ తనే తీసుకుపోయేది.

అక్కది పెనుకొండకూ హిందూపురానికీ మధ్య ఒక పల్లె. కొద్దిపాటి మల్బరీ తోట, పట్టుపురుగులు పెంచే ఒక గది. ఆ ఎలక్ట్రిక్ బండి మెల్లగా పోయే పాత రకం కాబట్టి లైసెన్సు అక్కరలేదు. సైకిలు కూడా రాని మనిషి యాభై దాటాక దాని మీదే తంటాలు పడి నేర్చుకుంది.

చలికాలంలో మాత్రం ఆ బండి ఏడిపించేది. రాత్రంతా బయట ఉన్న బ్యాటరీ నిండుగా ఉన్నట్టే చూపించి, మిట్ట ఎక్కేటప్పుడు ఒక్కసారిగా ఖాళీ అయిపోయేది. గోతాలతో సహా రోడ్డు మీద నిలబడిపోయాక అక్కకు ఒక ఆలోచన వచ్చింది. పురుగులకు చలి పడదని ఆ గదిలో రాత్రంతా కుంపటి ఉంచుతారు. బ్యాటరీని కూడా అక్కడే, నిప్పుకు దూరంగా, తలుపు పక్కన పెట్టడం మొదలుపెట్టింది.

బావకు అది నచ్చలేదు.

"ఆ గది పురుగులకా, నీ బండికా?"

"రెండూ నేను మేపేటివే. నీకేమి?" అంది అక్క.

ఆ రోజు నేను బస్సులో వెనకాలే మార్కెట్టుకు వెళ్లాను. గేటు దగ్గర హమాలీ ఒకడు అక్కను చూసి నవ్వాడు. "ఏమక్కా, బండి నిన్ను మోసుకొచ్చిందా, నువ్వే దాన్ని తోసుకొచ్చినావా?"

"నీకంటే ముందే వచ్చినాలేప్పా. మాటలు చాలు, గోతం దించు."

లోపల కొనేవాడు గూళ్ల వైపు ఊరికే చూసి పక్కకు పోతుంటే అక్క ఒక గూడు తీసి అతని చెవి దగ్గర ఊపింది. లోపలి పురుగు గలగలమంది; పురుగు చెడిపోని మంచి గూడే అలా మోగుతుంది. "వినబ్బా. కంటితో చూసి ధర చెప్తే ఎట్ల?" అతను మళ్లీ వంగి చూశాడు. ఇంట్లో అంత గట్టిగా మాట్లాడిన అక్కను నేను ఎన్నడూ చూడలేదు.

మరుసటి ఏడు చలి రాకముందే బండి మార్చాలని తనే అంది. పాతది ఎక్స్ఛేంజిలో ఇచ్చి కొత్త మోడల్ తీసుకోవడానికి ముగ్గురం హిందూపురం షోరూముకు వెళ్లాం. అక్క అక్కడి మనిషిని వదిలిపెట్టలేదు.

"చలిలో ఎంత తగ్గుతాది? నిజం చెప్పప్పా. మధ్యలో నిలబడితే నన్ను తోసేకి నువ్వొస్తావా?"

"కొంచిం తగ్గుతాదక్కా. అయినా పోయి రావచ్చు. బ్యాటరీ దీంట్లోనే బిగించి ఉంటాది, తీసే పనే లేదు."

బావా అడిగాడు, నేనూ అడిగాను. అన్నీ చలి గురించే. పాత బండిని వాళ్లు లోపలికి తోసుకుపోయారు. తాళం చేతికిచ్చేటప్పుడు ఆ మనిషి అడిగాడు. "ఇది స్పీడు బండి. లైసెన్సు ఉండాది కదక్కా?"

అక్క బావ వైపు చూసింది.

"నాది ఉండాది" అన్నాడు బావ.

ఆమె వెనక కూర్చుని ఇంటికి వచ్చింది.

బండి మంచిదే. చలిలో కూడా ఒక్కసారీ ఆగలేదు. గోతాలు పెడితే వెనక మనిషికి చోటుండదు కాబట్టి బావ ఒక్కడే మార్కెట్టుకు పోయి వచ్చేవాడు. వచ్చీ రాగానే అక్క వాకిట్లోకి వెళ్లేది.

"ఏమన్నారు? గూడు ఊపి చూసినారా?"

"చూసినారు."

"ఎవురు?"

"ఎవురో ఒకరు. బాగానే పోయిందిలే."

ఈ పంట కాగానే లైసెన్సుకు పోతానని నాతో ఫోనులో అనేది. పంట అయ్యేది, కొత్త పురుగులు వచ్చేవి. వాటికి మేత వేసే మనిషి ఇల్లు కదలడానికి ఉండదు. నేను ధర్మవరం నుంచి సెలవు పెట్టి వచ్చి ఒక రోజు మేత వేసినా సరిపోయేదని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు ఆ సంగతి నాకూ తోచలేదు, ఆమె కూడా అడగలేదు. ఆ తర్వాతి వానల్లో జబ్బు పడింది. దీపావళి చూడలేదు.

మొన్న చలిలో వెళ్లాను. బండి వాకిట్లో మంచుకు తడిసి ఉంది. తోటను బావ కౌలుకిచ్చాడు. పురుగుల గదిలో ఇప్పుడు కుంపటి పెట్టడం లేదు.