చక్కెరమ్మ తొందర

ఆ మందుల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ చక్కెరమ్మ అంటారు. మాట తీపని కాదు. ఆ మాటకొస్తే ఆమె నోట్లో నోరు పెట్టడానికి సూపర్‌వైజరే జంకుతాడు. మందును ఒంట్లోకి మోసుకెళ్లే కొవ్వు రేణువులకు చక్కెర నీళ్లు కలిపి, గడ్డకట్టించి, ఆరబెట్టే ఫ్రీజ్ డ్రయర్ ఆమెది. కంటికి ఆనని ఆ రేణువులు మంచులో నలిగి ఒకదానికొకటి అంటుకుపోకుండా చక్కెరే మధ్యలో అడ్డు నిలుస్తుంది. మంచు కరగకూడదు, మంచుగానే ఆవిరైపోవాలి. అందుకే సీసాలు పెట్టే డ్రయర్ అరల వేడిని చంటిబిడ్డకు అన్నం తినిపించినంత ఓపికగా పెంచాలి. కొత్తవాళ్లకు ఆమె చెప్పే పాఠం ఒక్కటే: "తొందరపడ్డారో, చక్కెర మెత్తబడి కూలబడుద్ది. దాంతోపాటు మీ ఉద్యోగమూను."

ఈసారి బ్యాచ్ చెల్లెలి కోసం. అందరి కోసమే గానీ, ఆమెకు మాత్రం చెల్లెలి కోసమే. పాత మందులేవీ పనిచేయక చెల్లెలు మంచం పట్టింది. ఇందులో మొదటి సీసాలు చెల్లెలున్న ఆస్పత్రికే వెళ్లాలి. పొద్దున అక్కడి డాక్టరు ఫోన్ చేశాడు.

"ఎంత త్వరగా వస్తే అంత మంచిదమ్మా. ఆవిడలో ఓపిక అయిపోతోంది."

ఫోన్ పెట్టేసి ఆమె లోపలికి పరుగెత్తింది. డ్రయర్ అద్దంలోంచి ఇంకా ఆరని సీసాలను చూసింది. ఒక్కపూట ముందు తీస్తే ఏం మునిగిపోతుంది అనుకుంది. ఇన్నేళ్లుగా ఎవరినీ ముట్టుకోనివ్వని వేడి అంకెను తన వేలితోనే పెంచింది.

సాయంత్రం డ్రయర్ తలుపు తీసేసరికి, తెల్లగా నిండుగా ఆరి నిలబడాల్సిన మందు బిళ్లలు ముడుచుకుపోయి సీసాల అడుగున జిగురులా అంటుకుని ఉన్నాయి. ఒకదాంట్లో నీళ్లు పోసి ఊపింది. కరిగిపోవాల్సింది పోయి, విరిగిన పాలలా తరకలు తేలాయి. ఇంకొకటి చూసింది. అదీ అంతే.

సూపర్‌వైజరు వచ్చి, తిట్టబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు.

"మళ్లీ మొదట్నించీ అంటే నెల పడుతుంది కదమ్మా," అన్నాడు చివరికి.

ఆ నెల చెల్లెలి దగ్గర లేదు. తిట్టినా బాగుండేది అనుకుంది.

ఫోన్ మోగింది. చెల్లెలే.

"అక్కా, డాక్టరుగారు నిన్ను తొందరపెట్టారంటగా? నేను గట్టిగా చెప్పేశాలే. మా అక్క పని అట్లా హడావుడిగా అయ్యేది కాదు, నేను ఆగుతానని. నువ్వు నిదానంగా చెయ్యి, సరేనా?"

"సరేనే," అంది చక్కెరమ్మ. చేతిలో సీసాను ఇంకా ఊపుతూనే ఉంది.