కాళ్లింకా ఎదగలేదు

ఆ ఇంటి పెద్దకోడలికి పందులంటే ప్రాణం, తోడికోడలంటే ఒళ్లుమంట. మొగుడు పోయాక దొడ్డి పనంతా ఆమే నెత్తినేసుకుంది. నిన్నగాక మొన్న కాపురానికొచ్చిన చిన్నకోడలు అందులో సగం పెత్తనం లాగేసుకుంది. ఇద్దరూ ఒకే కుళాయి కింద బకెట్లు నింపుకునేవాళ్లు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా.

గొడవంతా పడుచు పందుల దగ్గరే. ఎదకొచ్చిన మొదటిసారే పోతుపందితో దాటించెయ్యాలని చిన్నకోడలి తొందర. పెద్దకోడలు సాగనిచ్చేది కాదు. ఒక్కోదాని కాళ్లు తడిమేది, అటూ ఇటూ నడిపించి చూసేది.

"ఒళ్లు చూసి మోసపోకు. కండ ముందు పడుతుంది, ఎముక తర్వాత ముదురుతుంది. పోతు బరువు ఈ కాళ్లు మొయ్యలేవు."

"నువ్విలా కాళ్లు పిసుకుతూ కూర్చుంటే అవి ముసలివైపోతాయక్కా," అనేది చిన్నది వెటకారంగా.

ఒకరోజు పెద్దకోడలు పన్ను పీకించుకోవడానికి వెళ్లింది. బుగ్గలో దూది కుక్కుకుని తిరిగొచ్చేసరికి, తను సీసాపాలు పట్టి పెంచిన మచ్చచెవి పంది సిమెంటు నేల మీద పక్కకి ఒరిగి పడి ఉంది. వెనక కాలు వేలాడుతోంది. పోతు ఇంకా ఆ గదిలోనే తిరుగుతోంది. నోరు తిమ్మిరెక్కి ఉండటంతో ఆమె తిట్టిన తిట్లు సగం ఎవరికీ అర్థం కాలేదు.

ఇక లేవదని తేలాక కసాయిని పిలిపించారు. కోసేటప్పుడు తొడ ఎముక పైనుండే గుండు, మూత ఊడినట్టు విడిగా అతని చేతిలోకి వచ్చేసింది. అతుకు దగ్గర ఎముక ఇంకా లేతగా, తెల్లగా ఉంది.

"అతుక్కోలేదమ్మా ఇంకా. పసిది," అన్నాడతను.

పెద్దకోడలు ఆ గుండుని కడగనైనా కడగకుండా పట్టుకెళ్లి, భోజనం చేస్తున్న తోడికోడలి కంచం పక్కన పెట్టింది.

"తిను," అంది.

చిన్నకోడలు చేతిలో ముద్ద కంచంలో వదిలేసింది. "పొద్దున గది కడిగిందెవరు? నేల ఆరనే లేదు. ఎముకల సంగతి నాకు తెలీదు గానీ, అది జారడం మాత్రం కళ్లారా చూశాను."

పొద్దున గది కడిగింది పెద్దకోడలే. బస్సు తప్పిపోతుందని నీళ్లు లాగకుండానే పరిగెత్తిన మాట నిజమే.

నెల తిరక్కముందే దొడ్డి మధ్య రేకుల గోడ లేచింది. చిన్నకోడలు అటుపక్క తొందరపడి చూలు కట్టించిన రెండు పందులూ నాలుగు నెలలకి నిక్షేపంగా ఈనాయి. పందిపిల్లల కీచుమనే అరుపులు రేకుల సందుల్లోంచి రోజంతా వినబడేవి.

"ఒకసారి వచ్చి చూడరాదా వదినా," అని మరిది మెత్తగా అడిగాడు.

"రెండో ఈతకి తల్లులు కాళ్ల మీద నిలబడితే, అప్పుడొస్తాలే," అంది.

అన్నాక గాని తన మాటలోని కీడు తనకే తెలియలేదు. అయినా ఆ మాట వెనక్కి తీసుకోలేదు. బకెట్టు ఎత్తుకుని తన వైపు పందుల దగ్గరికి వెళ్లిపోయింది.